ఎందుకొచ్చిందని మాత్రం అడక్కండి

మా అత్తయ్య లెక్క ప్రకారం నాకు ఈ కీళ్ళ జబ్బు కార్తీకమాసం చన్నీళ్ళ స్నానాల వల్ల వచ్చింది. మా అమ్మ లెక్కలో అయితే గృహప్రవేశం నాడు తగిలిన దిష్టి. ఎదురింటి పిన్నిగారు వంకాయ అంటారు, ఆవిడ తోడికోడలు గోంగూర అంటుంది. మా ఓనరు రాజుగారికి ఆఫీసు ఏసీ మీద అనుమానం. మా ఆడపడుచు ఇంకాస్త లోతుకు వెళ్ళి, "అన్నీ కడుపులో పెట్టుకుని కుమిలిపోతావు వదినా, అదే ఇలా బయటపడింది" అని తేల్చేసింది. పంచాంగం చూసే బాబాయిగారొకరు ఏలినాటి శని అన్నారు. అది వెళ్ళిపోయాక మళ్ళీ కనబడితే ఇప్పుడు అర్ధాష్టమ శని అన్నారు.

వీళ్ళందరూ నా మీద ప్రేమ ఉన్నవాళ్ళే. ప్రేమ లేనివాళ్ళు కారణం దాకా వెళ్ళరు, "అయ్యో" అని ఊరుకుంటారు. కానీ ఈ కారణాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తట్టింది. స్నానం చేసింది నేను, వంకాయ తిన్నది నేను, ఏసీ కింద కూర్చున్నది నేను, కుమిలిపోయింది కూడా నేనే. శని ఒక్కడే బయటివాడు, ఆయన కూడా ఎవరి జాతకంలోకో పోకుండా నా జాతకంలోకే వచ్చాడు. ఎటు తిప్పినా ముద్దాయిని నేనే.

జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనవాళ్ళు కీళ్ళవాతం అంటారు, ఆయుర్వేదం వాళ్ళు ఆమవాతం అంటారు. 2019లో బయటపడింది, అప్పటికి నాకు ముప్ఫై ఏడేళ్ళు. మాది భీమవరం. ఒక రొయ్యల మేత డీలరు దగ్గర అకౌంట్స్ చూస్తాను. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది, వచ్చేవన్నీ రొయ్యల చెరువుల నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ల మోటార్లే. మాకు ఒక్కతే అమ్మాయి.

మొదట్లో ఏం జరిగిందో ఈ జబ్బున్న ఎవరినడిగినా దాదాపు ఒకే కథ చెబుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2018 చలికాలంలో పొద్దున్న లేవగానే పిడికిలి పడేది కాదు. గ్యాస్ లైటర్ నొక్కలేను, పాల ప్యాకెట్ కత్తిరించలేను. తొమ్మిదయ్యేసరికి చేతులు వాటంతటవే సర్దుకునేవి, పది గంటలకు ఆఫీసులో టకటకా టైపు చేసేదాన్ని. అందుకే ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. పొద్దున వంట చేసే వేళకు వచ్చి, వంట అయ్యాక పోయే నొప్పిని ఏ అత్తగారు మాత్రం నమ్ముతుంది చెప్పండి. 2006లో చికెన్ గున్యా వచ్చి ఊళ్ళకు ఊళ్ళు మంచాన పడ్డప్పటి నుంచీ మా వైపు కీళ్ళు నొప్పి అంటే చికెన్ గున్యానే. మొదట చూపించుకున్న డాక్టరూ అదే అన్నాడు. ఆయన చేసిన ఇంజెక్షన్‌తో కొన్నాళ్ళు రెక్కలొచ్చినట్టుండేది, తర్వాత మళ్ళీ మామూలే. అది స్టెరాయిడ్ అని చాలా ఆలస్యంగా తెలిసింది. చివరికి ఎముకల డాక్టరొకాయన నా రెండు చేతుల కణుపులూ నొక్కి చూసి, "ఇది నా పరిధి కాదమ్మా, విజయవాడ వెళ్ళి రుమటాలజిస్టుకు చూపించుకో" అని కాగితం మీద రాసిచ్చాడు. ఆయనకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. తన పరిధి కాదని చెప్పే డాక్టరు దొరకడం మాటలు కాదు.

ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అని రక్తపరీక్షలన్నీ అయ్యాయి. రిపోర్టులన్నీ చూసి విజయవాడ డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. బయటి క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే నా కీళ్ళ లోపలి పొర మీద పడుతోందట. వదిలేస్తే ఎముక అరిగి వేళ్ళు వంకరపోతాయి, మందులు సరిగ్గా వాడితే అదుపులో ఉంటుంది, పూర్తిగా పోతుందని మాత్రం హామీ ఇవ్వలేనన్నారు. నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు. "ఎందుకొచ్చిందండీ?"

ఆయన ఓపిగ్గానే చెప్పారు. జన్యువుల పాత్ర కొంత ఉంటుంది, పొగ తాగడం, చిగుళ్ళ జబ్బు లాంటివి తోడవుతాయి, మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ, మొత్తం జనాభాలో నూటికి ఒక్కరి కంటే తక్కువ మందికి వస్తుంది. "కానీ మీకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అంటే నా దగ్గర సమాధానం లేదమ్మా."

నాకు మహా చిరాకేసింది. నేను లెక్కలు రాసే మనిషిని. సాయంత్రం టాలీలో ఐదు రూపాయలు తేడా వచ్చినా అదెక్కడుందో దొరికేదాకా ఇంటికి వెళ్ళను. ఇంత పెద్ద తేడా వచ్చింది, ఎక్కడుందో తెలియదంటే ఎలా ఊరుకుంటాను? ఒక పాత నోట్‌బుక్ తీసి జబ్బుకు ముందు ఏడాదంతా నెలవారీగా రాసుకున్నాను. ఏం తిన్నాను, ఎక్కడికెళ్ళాను, ఎవరితో గొడవపడ్డాను, ఏ జ్వరం వచ్చింది, మా నాన్నగారి సంవత్సరీకం నాడు ఎన్ని గంటలు పస్తున్నాను. అందరూ పడుకున్నాక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వాచిన చేత్తో పెన్ను పట్టుకుని ఇవన్నీ రాసేదాన్ని. మా ఆయన ఒకసారి మంచినీళ్ళకు లేచి చూసి, పార్టీల బకాయిల పుస్తకం అనుకుని "ఇంటికెందుకు తెచ్చావు ఆఫీసు పని" అన్నారు. అవునని తలూపాను.

నొప్పి కన్నా ఈ విచారణ ఎక్కువ తినేసింది నన్ను. నొప్పికి ఒక టైమంటూ ఉంటుంది, పొద్దున్న ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. విచారణకు టైం లేదు. గిన్నెలు తోముతున్నా అదే, బస్సులో కూర్చున్నా అదే.

ఇక మెట్టెల సంగతి. దీని గురించి ఎక్కడా ఎవరూ రాయగా చూడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఈ జబ్బు చేతివేళ్ళ కణుపులను పట్టుకున్నట్టే పాదాల మునివేళ్ళ దగ్గర కీళ్ళనూ పట్టుకుంటుంది. పొద్దున్న మంచం దిగి అడుగేస్తే గులకరాళ్ళ మీద కాలు పెట్టినట్టుంటుందని డాక్టరు చెప్పినప్పుడు, ఇది ఈయనకెలా తెలుసని ఆశ్చర్యపోయాను. నా రెండో వేళ్ళు రెండూ వాచిపోయి మెట్టెలు కండలోకి దిగాయి. సబ్బు నురగ పెట్టాం, కొబ్బరినూనె రాశాం, దారం చుట్టి లాగాం, రాలేదు. వేలు నల్లబడుతోందని మా ఆయన కంగారుపడి బంగారం కొట్టుకు తీసుకెళ్ళారు. ఆ అబ్బాయి చిన్న కట్టర్ పెట్టి, మెట్టెకూ వేలికీ మధ్య సన్నటి రేకు దూర్చి కత్తిరించాడు. ఐదు నిమిషాల పని. డబ్బులు కూడా తీసుకోలేదు.

నాకు పెద్దగా పట్టింపులు లేవనే అనుకునేదాన్ని. నల్లపూసలు మరిచిపోయి ఆఫీసుకు వెళ్ళిన రోజులున్నాయి. అలాంటిది ఆ కత్తిరించిన వెండి ముక్కలు చేతిలో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే ఏడుపు ఆగలేదు. డాక్టరు జబ్బు పేరు చెప్పినప్పుడు ఏడవలేదు, మందుల పొడుగాటి చీటీ చూసి ఏడవలేదు. మెట్టెలు పోతే ఏడ్చాను. ఇంటికి రాగానే అత్తయ్య నా కాళ్ళ వంక చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆ మౌనం నాలుగు మాటలన్నా బాగుండేది.

ఆ తర్వాత పేరంటాలకు వెళ్ళడం మానేశాను. పసుపు రాయడానికి వంగినవాళ్ళ చూపు మొదట పడేది కాలివేళ్ళ మీదే. ఒకావిడ చటుక్కున ఆగి నా మెడ వంక చూసింది, తాళి ఉందో లేదోనని. ఆమెకు నేనేం చెప్పగలను? నిలబడి ఉండగా, గంధం గిన్నె పట్టుకున్న పదిమంది ముందు, నా రోగనిరోధక వ్యవస్థ గురించి?

దీన్ని తీర్చింది మా అత్తయ్యే. వరలక్ష్మీ వ్రతం నాడు మా ఇంట్లోనే ఎవరో "మెట్టెలేవమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంటింట్లోంచి కేకేశారు. "డాక్టరు తీయించాడమ్మా. దాని మొగుడు నిక్షేపంగా షాపులో ఉన్నాడు, కావాలంటే వెళ్ళి చూసిరా." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కార్తీకమాసం స్నానాల సిద్ధాంతాన్ని ఆవిడ ఇప్పటికీ వదల్లేదు, అది వేరే విషయం. కానీ పదిమందిలో నా తరఫున ఒకరు జవాబు చెబితే ఎంత బరువు దిగుతుందో ఆ రోజు తెలిసింది. మీ ఇంట్లో ఇలాంటి జబ్బున్న మనిషి ఉంటే దయచేసి ఈ ఒక్క పని చేసిపెట్టండి. పసరు మందుల అడ్రసులు వెతకక్కర్లేదు.

స్టెరాయిడ్ మాత్రలు వాడిన నెలల్లో మొహం గుండ్రంగా ఉబ్బింది. దానికి వచ్చిన మెచ్చుకోళ్ళు ఇన్నీ అన్నీ కావు. "ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశావు, కళగా ఉన్నావు" అని. ఒంట్లో అన్నిటికన్నా బాగోలేని రోజుల్లోనే నేను అందరి కళ్ళకూ బాగున్నాను.

కరోనా తర్వాత ఇంకొకటి మొదలైంది. కనబడినవాళ్ళల్లా "ఇమ్యూనిటీ పెంచుకో, అన్నీ పోతాయి" అనడం. కషాయాలు, పొడులు, పసుపు పాలు, తిప్పతీగ రసం. అమ్మా, నా ఇమ్యూనిటీకి ఏం తక్కువ లేదు, అది అతిగా పనిచేయడమే నా జబ్బు, నేను వేసుకునే మాత్రలు దాన్ని కాస్త తగ్గించడానికే అంటే నన్నొక వింత జంతువును చూసినట్టు చూస్తారు. తమాషా ఏమిటంటే మా కొట్లో రొయ్యలకు కూడా ఇమ్యూనిటీ బూస్టర్ అమ్ముతాం. రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ వైరస్ భయంతో రైతులు డబ్బాలకు డబ్బాలు పట్టుకెళ్తారు. బిల్లు రాసేది నేనే. ఉండి అనే ఊరి వైపు రైతు ఒకాయన చాలా సీరియస్‌గా "అమ్మా, ఇది మీరూ ఓ చెంచా వేసుకుని చూడకూడదా" అన్నారు. జబ్బు వచ్చాక ఆఫీసులో అంత గట్టిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను.

2020 మాత్రం నవ్వుకునే ఏడాది కాదు. నాకు రాసిన మందుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒకటి. మలేరియాకు పుట్టిన మందు, మా లాంటి జబ్బులకు, లూపస్ అని రోగనిరోధక వ్యవస్థ ఇలాగే ఒంటి మీద పడే ఇంకో జబ్బున్నవాళ్ళకు ఏళ్ళ తరబడి రోజూ వాడేది. ఆ మార్చిలో అది కరోనాకు పనిచేస్తుందని ప్రపంచమంతా ఊగిపోయింది. రాత్రికి రాత్రి మెడికల్ షాపుల్లో అట్టలు మాయం. ప్రభుత్వం ఎగుమతులు ఆపింది, చీటీ లేకుండా అమ్మకూడదని కట్టడి చేసింది. ఆ పని జరిగేసరికే జనం కొని బీరువాల్లో దాచేసుకున్నారు. లాక్‌డౌన్‌లో మా ఆయన పోలీసులకు ప్రిస్క్రిప్షన్ చూపిస్తూ పాలకొల్లు దాకా తిరిగారు. తెలిసినవాళ్ళింట్లో రెండు అట్టలున్నాయని తెలిసి అడిగితే "మాకూ అవసరం పడొచ్చు కదండీ" అన్నారు. కొన్ని నెలలకే అది కరోనాకు ఉపయోగం లేదని పెద్ద పెద్ద పరీక్షల్లో తేలిపోయింది. ఆ రెండు అట్టలూ వాళ్ళ బీరువాలోనే ఎక్స్‌పైరీ అయిపోయి ఉంటాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తోంది. రానివ్వండి. "పాజిటివ్‌గా ఉండు" అని చెప్పేవాళ్ళ మాట విని కోపం మింగినంత కాలం నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయన సంగతి చెప్పాలి. మంచి మనిషి, కానీ కనబడనిది ఆయనకు అర్థం కాదు. మోటారు కాలితే వాసన వస్తుంది, విప్పితే నల్లబడిన తీగ కనిపిస్తుంది. నా నీరసానికి వాసనా లేదు, రంగూ లేదు. కీళ్ళ నొప్పినైనా నమ్ముతారు గానీ ఈ జబ్బుతో వచ్చే నీరసాన్ని ఎవరూ నమ్మరు. రాత్రంతా పడుకుని లేచినా అప్పుడే వరి కోసొచ్చిన మనిషిలా ఉంటుంది. ఒక ఆదివారం "ఎప్పుడూ పడుకునే ఉంటావేంటే" అన్నారు. మామూలుగానే అన్నారు. నేను ఇంతెత్తున లేచాను. ఆయనా ఊరుకోలేదు. "నీకెంత ఉందో నాకెలా తెలుస్తుంది? ఒక రోజు బావుంటావు, ఒక రోజు బావుండవు. అడిగితే చిరాకు పడతావు, అడక్కపోతే పట్టించుకోలేదంటావు. నేనేం చెయ్యాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

ఆ గొడవలోంచే మా ఇంట్లో ఒక మాట పుట్టింది. చెరువుల దగ్గర కరెంటు త్రీ ఫేజ్ ఉంటేనే ఏరియేటర్లు తిరుగుతాయి, సింగిల్ ఫేజ్ ఉంటే బల్బు వెలుగుతుంది, అంతే. పొద్దున్నే నేను "ఇవాళ సింగిల్ ఫేజండీ" అంటాను. ఇంక ఆయన ఏమీ అడగరు. ఇడ్లీలు బయటి నుంచి వస్తాయి, బట్టలు ఆయనే పిండి ఆరేస్తారు. నాకు వివరించే బాధ లేదు, ఆయనకు ఊహించే బాధ లేదు. ఎప్పుడైనా ఆయనకే ఒంట్లో బాగోకపోతే "నాకూ ఫేజ్ పోయింది" అంటున్నారు ఈమధ్య. అలా అనే హక్కు ఆయనకూ ఉందని నాకు గుర్తొచ్చింది. జబ్బు మనిషి ఇంట్లో మిగతావాళ్ళు జలుబు చేసినా చెప్పుకోవడానికి మొహమాటపడతారు.

మా అమ్మాయిది ఇంకో కథ. అప్పుడు ఎనిమిదో తరగతి. స్కూలుకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టాలి. నా వేళ్ళతో పాయలు బిగించడం కష్టమై రోజూ ఆలస్యం, రోజూ గొడవ. ఒక శనివారం సాయంత్రం స్నేహితురాలి వాళ్ళమ్మతో పార్లర్‌కి వెళ్ళి నడుం దాకా ఉన్న జుట్టు మెడ దాకా కత్తిరించుకుని వచ్చింది. "ఇంక జడలక్కర్లేదమ్మా" అంది. చూసినవాళ్ళంతా ఎంత బంగారుతల్లి అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. దాని మీద కాదు. నా కీళ్ళలో జరిగే దానికి పదమూడేళ్ళ పిల్ల జుట్టు ఇచ్చుకోవలసి వచ్చినందుకు. దానికేమో కొత్త క్రాఫ్ తెగ నచ్చింది, అద్దం వదిలేది కాదు. మా ఇద్దరిలో ఎవరి లెక్క సరైనదో నాకిప్పటికీ తెలియదు. కొన్నాళ్ళకు అది "నాకూ వస్తుందా?" అని అడిగింది. డాక్టరుగారు చెప్పినదే చెప్పాను. రక్తసంబంధీకులకు అవకాశం కాస్త ఎక్కువే, కానీ ఎక్కువమందికి రాదు. "అయితే రాదనే అనుకుంటా" అని పుస్తకం తెరిచింది.

ఇక శనివారం మాత్రలు. ఈ జబ్బుకు నాకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. ఈ ఒక్క విషయం పెద్దక్షరాలతో రాయాలనిపిస్తుంది. మొదటిసారి కొన్నప్పుడు మెడికల్ షాపు కుర్రాడు అలవాటు కొద్దీ అట్ట మీద రోజుకొకటి అని గీశాడు. మా ఆయన చీటీతో పోల్చి చూశారు కాబట్టి సరిపోయింది. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నేను శనివారం రాత్రి వేసుకుంటాను, ఆదివారం వికారం, తలబరువు. క్యాలెండర్‌లో శనివారాలకు ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది. మధ్యలో ఇంకో రోజు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర. అప్పుడప్పుడు రక్తపరీక్ష, లివర్ ఎలా ఉందో చూసుకోవడానికి.

ఆ వికారంతో పడుకున్న ఒక ఆదివారం, అసలు ఈ మందు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఫోన్లో చదవడం మొదలుపెట్టి లేచి కూర్చున్నాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు! 1895లో మా భీమవరంలో పుట్టిన మనిషి. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో పేరు బట్టీపట్టడమే గానీ ఆయన చేసిందేమిటో నాకు తెలియదు. ఆయన తోడబుట్టినవాడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయాడట. ఒంట్లో ఫోలిక్ యాసిడ్ నిలవనివ్వని జబ్బు అది. అమెరికా వెళ్ళి, లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. ఆ తర్వాత దాన్ని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 1947-48లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో రక్తక్యాన్సర్ పిల్లలకు వాడి చూశాడు. సుబ్బారావు గారు 1948లోనే చనిపోయారు. 1951లో అదే మందును కీళ్ళవాతం రోగులకు ఇచ్చి చూశారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. మా జబ్బుకు అమెరికాలో అనుమతి దొరికింది 1988లో.

అంటే నేను శనివారం వేసుకునే మందూ, దాని దెబ్బ తగ్గించడానికి వేసుకునే ఫోలిక్ యాసిడూ ఒకే మనిషి బల్ల మీద నుంచి వచ్చినవి. ఆ మనిషిది మా ఊరు. నాకు వికారం తగ్గలేదనుకోండి. కానీ అంతకాలం "ఎందుకు" అని తవ్వుతున్నదానికి ఒక పక్క జవాబు దొరికింది. జబ్బు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు, మందు ఎందుకొచ్చిందో ఏడాదితో సహా తెలుసు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో కొత్త పేజీలో ఇవన్నీ వరసగా రాసుకున్నాను. ముందు పేజీల జోలికి మళ్ళీ వెళ్ళలేదు. ఒట్టేమీ పెట్టుకోలేదు, వెళ్ళబుద్ధి కాలేదు.

దీంతో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమే. 2023 ఎండాకాలంలో జబ్బు మళ్ళీ ఎగదన్నింది. అప్పుడు నొప్పి కన్నా మనసు ఎక్కువ జారిపోయింది. డాక్టరుగారు కీళ్ళు చూడ్డం అయ్యాక "నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా?" అని అడిగారు. కీళ్ళ డాక్టరుకు ఇదెందుకనుకున్నాను. ఈ జబ్బున్నవాళ్ళలో డిప్రెషన్ మామూలు వాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తుందట, అడగడం తన పనేనన్నారు. మా ఊళ్ళో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే గేటు దాటేలోపు ముగ్గురు చుట్టాలు కనిపిస్తారు. 14416కు ఫోన్ చేశాను. మనసు బాగోనివాళ్ళ కోసం టెలిమానస్ అనే హెల్ప్‌లైన్ అది, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. డాబా మీదకు వెళ్ళి, వాటర్ ట్యాంక్ పక్కన నిలబడి మాట్లాడాను. అవతలి అమ్మాయి పెద్దగా సలహాలేమీ ఇవ్వలేదు. వంకాయ మానమనలేదు. "రోజులో మీకు ఎక్కువ భయమేసేది ఎప్పుడండీ?" అని అడిగింది. అప్పటిదాకా నన్నెవరూ అడగని ప్రశ్న. పొద్దున కళ్ళు తెరిచాక, వేళ్ళు కదిపి చూసుకునే ముందు, అన్నాను. ఆ క్షణం గురించే ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత డాక్టరుగారి సలహాతో కొన్నాళ్ళు మనసుకు మందు కూడా వాడాను. బీపీ మాత్ర వేసుకున్నట్టే వేసుకున్నాను, దాచలేదు, చాటనూ లేదు.

విజయవాడ క్లినిక్‌లో ఎదురుచూపులు గంటల తరబడి ఉంటాయి. అక్కడ ఒక అమ్మాయి పరిచయమైంది. ఇరవై నాలుగేళ్ళు, బీటెక్ చేసి ఉద్యోగం చేస్తోంది, లూపస్. ఎండ తగిలితే బుగ్గల మీద ఎర్రగా పొంగుతుంది. పక్కన వాళ్ళమ్మ. మేం మాట్లాడుకుంటుంటే ఆవిడ గొంతు తగ్గించి, "పెళ్ళి కావలసిన పిల్లండీ, మీ వైపు ఎవరైనా తెలిసినవాళ్ళుంటే ఇక్కడ కనిపించామని చెప్పకండి" అంది. ఆ పిల్ల తల దించుకుంది. నా మెట్టెల దుఃఖం ఆ పిల్ల ముందు చిన్నదైపోయింది. నాకు జబ్బు పెళ్ళయ్యాక వచ్చింది, నన్ను చూసుకునేవాళ్ళు అప్పటికే ఉన్నారు. ఆ అమ్మాయి రేపు రాబోయే మనిషికి ముందే సంజాయిషీ తయారుచేసుకోవాలి. తల్లిని నేను తప్పుపట్టలేను, మన సంబంధాల మార్కెట్ అలా ఉంది. కానీ దాచి చేసే పెళ్ళిలో మాత్రలు ఎక్కడ దాస్తుంది? కొన్ని మందులు వాడుతుండగా గర్భం రాకూడదు, డాక్టరుతో ముందే ప్లాన్ చేసుకోవాలి. అది దాచిపెట్టి జరిగే పనేనా?

నంబర్లు మార్చుకున్నాం. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది, ఆంటీ అంటుంది. మొన్న సంక్రాంతికి ముందు చేసి, ఒక సంబంధం వచ్చిందనీ, అబ్బాయి బాగానే మాట్లాడుతున్నాడనీ, జబ్బు విషయం తనే చెప్పేద్దామనుకుంటున్నాననీ అంది. అమ్మకు ఇష్టం లేదట, నాన్న ఊ అన్నారట. "జబ్బు గురించి చెప్పగలను ఆంటీ. కానీ అసలెందుకొచ్చింది అని వాళ్ళమ్మగారు అడిగితే ఏం చెప్పాలి?"

"తెలియదని చెప్పు. డాక్టర్లకూ తెలియదని చెప్పు. నీ మందులు ఏవో, ఏ మందు వేసుకున్నాక ఎలా ఉంటుందో అవి మాత్రం వివరంగా చెప్పు. ఎండలో తిరిగే కాపురం కుదరదనీ చెప్పు. పెళ్ళి పగటి ముహూర్తం అయితే షామియానా దట్టంగా వేయించమను" అన్నాను.

పగలబడి నవ్వింది. వాళ్ళు ఇంకా ఏ కబురూ పంపలేదు.